చెయ్యి అడ్డం పెట్టేదాకా

మా అక్క పెళ్ళికి ఎంత వండాలో మా నాన్న మా బాబాయి పొట్టతో కొలిచాడు. మాటవరసకి అనడం లేదు. ఆ వేసవిలో ప్రతి ఆదివారం బాబాయిని భోజనానికి పిలిచి, ఎదురుగా కూర్చుని, ఏది ముందు వడ్డిస్తే ఎంత తింటాడో, ఎక్కడ పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి చాలంటాడో చూసి, దాన్నిబట్టి లెక్క కట్టాడు. బాబాయికి ఆ సంగతి తెలియదు. ఇన్నాళ్ళకి అన్నకి తన మీద ప్రేమ పుట్టుకొచ్చిందనుకున్నాడు పాపం.

నాన్న మిల్లులో క్యాంటీను నడిపేవాడు. క్యాంటీను వెనక రెండు గదుల్లో మేం ఉండేవాళ్ళం. గోడకి అవతల పొయ్యిలు, ఇవతల మా మంచాలు. ఎండాకాలం ఆ గోడకి చెయ్యి ఆనిస్తే చురుక్కుమనేది. వంటంతా అమ్మ చూసుకునేది. నాన్న విద్య వడ్డన. తినేవాడికి తెలియకుండా తక్కువ తినిపించడంలో ఆయన్ని మించినవాడు లేడు. కూర వచ్చేలోపు వేడివేడి అన్నం గుట్టగా పోసేవాడు. మాంసం కూరలో ముక్కకి నాలుగింతలు బంగాళాదుంపలు, అవి కూడా పిడికెడంత ముక్కలుగా కోయించేవాడు. కుర్చీలు ఎంత దగ్గరగా వేయించేవాడంటే, మోచెయ్యి కదిపితే పక్కవాడి డొక్కలో తగిలేది. ఫ్యాన్లు మాత్రం వెయ్యనిచ్చేవాడు కాదు. "గాలి తగిలితే కబుర్లు మొదలెడతారు. కబుర్లలో పడ్డవాడు ఎంత తింటున్నాడో చూసుకోడు" అనేవాడు. మిల్లు కార్మికులు కడుపు నిండిందనుకునే లేచేవారు. సగం షిఫ్టు కాకముందే మళ్ళీ ఆకలి వేస్తే, అది తమ పనిలోని కష్టం అనుకునేవారు.

ఆ ఏడు ఎండలతో పాటు మిల్లుకీ గండం పట్టింది. ఒక షిఫ్టు ఎత్తేశారు. క్యాంటీనులో సగం కుర్చీలు ఖాళీ. సరిగ్గా అప్పుడే అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళు మంచివాళ్ళే, ఏమీ అడగలేదు. కాబోయే మామగారు ఒక్కటే మాటన్నాడు.

"మా పెద్దాడి పెళ్ళిలో ఆఖరి బంతికి అన్నం చాల్లేదు బావగారూ. ముప్ఫైమంది పళ్ళేలు ముందు పెట్టుకుని కూర్చుని, లేచి వెళ్ళిపోయారు. ఆ మాట ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు నన్ను. ఏది తక్కువైనా సర్దుకుంటాం. భోజనం మాత్రం తక్కువ కాకూడదు."

"ఎవరితో చెప్తున్నారు మీరు! భోజనం నా పనండీ" అని నాన్న చాతీ విరుచుకున్నాడు.

వాళ్ళు గేటు దాటగానే ఆ చాతీ దిగిపోయింది. చేతిలో ఉన్న డబ్బుకి తగ్గట్టు సగం మందినే పిలిస్తే మర్యాద దక్కదు, అందర్నీ పిలిస్తే అన్నం చాలదు. రెండు రోజులు కాగితాల మీద లెక్కలు వేస్తూ, కొట్టేస్తూ గడిపాడు. మూడో రోజు నన్ను పిలిచి, "వెళ్ళి మీ బాబాయిని రేపు భోజనానికి రమ్మను" అన్నాడు.

బాబాయి గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసేవాడు. అందరూ ఆయన్ని బస్తా అనే పిలిచేవారు. మోసేది బస్తాలు కాబట్టి కొందరు, మోసేవాడే బస్తాలా ఉంటాడు కాబట్టి కొందరు. పెళ్ళీ పెటాకులూ లేవు. షెడ్డు వెనక రేకుల గదిలో ఒంటరి కాపురం. నలుగురి తిండి ఒక్కడే తింటాడని పేరు. ఆ పేరు వల్లే కాబోలు, అన్న ఇంట్లో క్యాంటీను ఉన్నా ఆయన్ని ఎవరూ భోజనానికి పిలిచిన గుర్తు నాకు లేదు.

"నాన్న రేపు భోజనానికి రమ్మన్నాడు బాబాయ్."

"ఎవర్ని?"

"నిన్నే."

బాబాయి భుజం మీద బస్తా కింద పడేసి నా మొహంలోకి చూశాడు. "ఎందుకమ్మడూ? ఎవరికన్నా ఒంట్లో బాలేదా?"

మర్నాడు తల తడిపి దువ్వుకుని, చేతిలో నాలుగు అరటిపళ్ళతో వచ్చాడు. నాన్న తనే వడ్డించాడు. బాబాయి తినడం చూస్తే నాకు మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత రాలేదు. ఆబగా తినేవాడు కాదు. తల వంచుకుని, ఒక్క మెతుకు కింద పడకుండా, చేస్తున్న పనిని మెచ్చుకుంటున్నట్టు తినేవాడు. ఎప్పటికో ఆ మోటు చెయ్యి పళ్ళెం మీదకి వచ్చేది. వస్తే పళ్ళెం సగం కప్పేసేది.

"నువ్వు తినకుండా అలా చూస్తూ కూర్చున్నావేంటన్నయ్యా?"

"నువ్వు తింటుంటే నా కడుపు నిండుతుందిరా."

బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. మిరపకాయ తగిలిందన్నాడు. ఆ కూరలో మిరపకాయలే లేవు.

అలా మొదలైంది. ఒక ఆదివారం మిఠాయి ముందు పెట్టి అన్నం తర్వాత వడ్డించారు. ఇంకో ఆదివారం కూరలో నూనె బాగా పోశారు. ఒకసారి బల్లని పొయ్యి గోడకి ఆనించి, ఆ వేడిలో కూర్చోబెట్టారు. మిఠాయి ముందు పడ్డ రోజున చెయ్యి తొందరగా అడ్డం వచ్చింది. నాన్న నా వైపు చూసి కన్ను కొట్టాడు. గూడ్స్ షెడ్డులో బాబాయి అందరికీ చెప్పుకునేవాడట, "నేను రాకపోతే మా అన్నయ్య ముద్ద ముట్టడు" అని. అది విని అమ్మా అక్కా పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో ఒళ్ళు మండితే పొయ్యి దగ్గరున్నావు కాబట్టి అనేవారు.

వేసవి సగానికి వచ్చేసరికి నాన్న గరిటె మీద పడ్డాడు. అది వడ్డించే పెద్ద గరిటె. దాన్ని గడప రాయి మీద బోర్లించి, అడుగు మీద సుత్తితో కొట్టేవాడు. పైనుంచి చూస్తే మూతి అంతే ఉంటుంది, లోపల గుంట మాత్రం తగ్గిపోతుంది. గరిటె నిండుగా వచ్చినట్టే కనిపిస్తుంది, పళ్ళెంలో పడేది ముప్పాతికే. వారం వారం కాస్త కొట్టి, బాబాయికి దాంతోనే వడ్డించి, ఆయన కనిపెడతాడేమో చూసేవాడు. ఆయన ఎప్పుడూ కనిపెట్టలేదు. అన్న వడ్డిస్తుంటే గరిటె వంక ఎవడు చూస్తాడు?

ఒక ఆదివారం బాబాయి తొందరగా వచ్చేశాడు. నాన్న ఇంకా గరిటె కొడుతూనే ఉన్నాడు.

"సొట్టపోయిందా అన్నయ్యా?"

నాన్న సుత్తి దించాడు. "ఆ. సరిచేస్తున్నా."

"ఇటివ్వు. నీ చేతుల్లో బలం ఎక్కడేడిసింది!"

బాబాయి గడప మీద చతికిలబడి, గరిటె బోర్లించి, సుత్తి ఎత్తాడు. మూడు దెబ్బలకి నాన్న వారం రోజుల పని అయిపోయింది.

"చాలు చాలురా, అట్లకాడ చేసేస్తావ్!" అన్నాడు నాన్న, నవ్వు ఆపుకోలేక.

బాబాయి కూడా నవ్వాడు, తను చేసిన పనికి అన్న సంతోషించాడని. ఆ పూట ఆయన తనే కొట్టిన గరిటెతో తిన్నాడు. లోపల నుంచి అక్క నవ్వు నాకు వినిపించింది.

పెళ్ళి దగ్గర పడ్డాక ఒక సాయంత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాం. ఎవరెవర్ని పిలవాలన్న మాట వచ్చింది. షిఫ్టు పోయిన కార్మికుల్ని తీసేశారు. అమ్మ తరఫు దూరపువాళ్ళని తీసేశారు. అప్పుడు అక్క తల ఎత్తకుండా అంది, "బాబాయి సంగతేంటి?"

"ఏముంది? వస్తాడు" అన్నాను నేను.

"నిన్నెవరూ అడగలేదు" అంది అక్క. "ఆ రోజు వాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఏం చేశాడు? వాళ్ళ కోసం పెట్టిన బిస్కెట్లు పళ్ళెంతో సహా ముందుకి లాక్కుని తినేశాడు. మా అత్తగారు ఆ పళ్ళెం వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. ఆయన బంతిలో కూర్చుంటే నేను తలెత్తలేను. అందరూ తినడం మానేసి ఆయన్నే చూస్తారు."

"ఆయన ఒక్కడు కూర్చుంటే నలుగురికి వడ్డించినట్టు" అంది అమ్మ.

"ఆయనతో కొలిచి, ఆయనకే పెట్టరా?" అన్నాను.

నాన్న బియ్యంలోంచి ఒక రాయి తీసి కిటికీలోంచి విసిరేశాడు. "తూకపు రాయిని ఎవడైనా సరుకుతో పాటు సంచీలో వేసి పంపిస్తాడా?"

అమ్మ పకపకా నవ్వింది. అక్క నవ్వింది. ఆ మాట అంత బాగా కుదిరిందని నాన్న కూడా నవ్వాడు. బాబాయి ఆ ఇంట్లో నాకు బాబాయి, మిగతావాళ్ళకి రాయి అని నాకు ఆ సాయంత్రం తెలిసింది.

కాని వద్దని మొహాన ఎలా చెప్తారు? దానికి అమ్మ ఉపాయం ఆలోచించింది. పెళ్ళి రోజున ఇంటికీ, స్టోరు గదికీ కాపలా కావాలి. మిల్లులో పనులు పోయినవాళ్ళు చుట్టుపక్కలే తిరుగుతున్నారు, స్టోరులో బియ్యం, నూనె, చక్కెర ఉన్నాయి. నమ్మకమైన మనిషి ఎవరున్నారు, సొంత తమ్ముడు తప్ప? ఈ మాట అక్కే చెప్పాలంది అమ్మ. అక్క చిన్నప్పుడు బాబాయి భుజాల మీదెక్కి బడికి వెళ్ళేది. అక్క మాటంటే ఆయనకి వేదం.

ఆ ఆదివారం బాబాయి భోజనం చేసి, కొత్త చొక్కా విప్పి చూపించాడు. రెడీమేడ్‌వి ఆయనకి పట్టవు. పెళ్ళి కోసం దర్జీతో కుట్టించుకున్నాడు. నీలం రంగు, తెల్ల బొత్తాలు.

"బాగుందా పెద్దమ్మడూ?"

"చాలా బాగుంది బాబాయ్. నీతో ఒక పనుంది నాకు."

"చెప్పు. కొండ మీద కోతినైనా తెస్తా."

అక్క చెప్పింది. ఎంత ముద్దుగా చెప్పిందంటే నాకే నమ్మాలనిపించింది. బాబాయి చొక్కా మడతపెడుతూ విన్నాడు. ఒక చెయ్యి మడత సరిగ్గా రాలేదు. విప్పి మళ్ళీ పెట్టాడు.

"అయితే నేను పెళ్ళి చూడనన్నమాట."

"సాయంత్రం మేమిద్దరం నేరుగా ఇక్కడికే వస్తాం కదా. అందరికంటే బాగా చూస్తావ్."

"తాళంచెవి నాకే ఇస్తారా?"

"నీకే."

"అన్నయ్య ఒప్పుకున్నాడా?"

"నాన్నే చెప్పమన్నాడు."

బాబాయి మొహం వెలిగింది. కాస్త సిగ్గుపడుతూ, "మరి భోజనం?" అన్నాడు.

"మొదటి బంతిలోనే నీకు క్యారియర్ కట్టించి పంపుతా. ఎర్ర గుడ్డ కట్టింది నీది. ఇంకెవరూ ముట్టుకోరు."

"ముక్కలు కాస్త..."

"పెద్దవే వేయిస్తాలే."

పెళ్ళి రోజున మేం హాలుకి బయల్దేరేటప్పటికే బాబాయి నీలం చొక్కా వేసుకుని స్టోరు తలుపు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. తాళంచెవి దారానికి కట్టి మెళ్ళో వేసుకున్నాడు. పొద్దున ఏమీ తినలేదట, మధ్యాహ్నం క్యారియర్‌కి జాగా ఉండాలని. నాతో నవ్వుతూ చెప్పాడు.

హాల్లో నాన్న అనుకున్నదంతా అనుకున్నట్టే చేశాడు. వైర్లు కాలిపోయాయని హాలు కాపలావాడి చేత చెప్పించి ఫ్యాన్లు ఆపించాడు. చిన్న పళ్ళేలు పెట్టించాడు. రాగానే మిఠాయి, ఒకటి కాదు, రెండు. తర్వాత గుట్టగా అన్నం. కూర మాత్రం ఆ గరిటెతో తనే వడ్డించాడు, "వేసుకోండి, మొహమాటపడకండి, ఇంకొంచెం, నా మాట కాదనకండి" అంటూ. అంత ఆప్యాయంగా వడ్డించేవాణ్ణి ఎవరూ చూసుండరు. జనం చెమటలు కక్కుతూ తిన్నారు, చేతులు అడ్డం పెట్టారు, గాలి కోసం బయటికి పరిగెత్తారు. మా అక్క మామగారు గుమ్మం పక్కన నిలబడి బంతి బంతినీ లెక్కపెడుతున్నాడు. మనిషి బిగుసుకుపోయి ఉన్నాడు.

మొదటి బంతి లేచాక అమ్మ క్యారియర్ నింపించింది. ఎర్ర గుడ్డ కట్టింది. నేను తీసుకుని బయల్దేరబోతుంటే పెళ్ళికొడుకు మేనమామ అడ్డం వచ్చాడు. నోటి నిండా జోకులున్న మనిషి.

"వదినగారూ, మా కారు డ్రైవరు పొద్దుణ్ణుంచి ఎండలోనే ఉన్నాడు. లోపలికి రాడట. ఏదన్నా కట్టివ్వండి."

అమ్మ నా చేతిలోంచి క్యారియర్ తీసుకుని ఆయన చేతిలో పెట్టింది.

"అది బాబాయిది" అన్నాను.

"వియ్యాలవారి ముందు నోరు మూసుకో" అంది పళ్ళ బిగువున. "ఇంకోటి కడదాం. ఒక్క పూటకి చస్తాడా మనిషి?"

ఇంకో క్యారియర్ లేదు. గిన్నెలో పెట్టిమ్మంటే, రెండో బంతి కానీ అంది. రెండో బంతి అయ్యాక నాన్ననడిగాను. "ఆఖరి బంతి లేచేదాకా ఒక్క ముక్క కదలడానికి వీల్లేదు" అన్నాడు. అక్క దగ్గరికి వెళ్ళాను. చుట్టూ మనుషులు. "అక్కా, బాబాయికి భోజనం వెళ్ళలేదు" అని చెవిలో చెప్పాను. ఫొటో తీస్తున్నారు. నవ్వు చెరగకుండానే, "ఇప్పుడా చెప్పేది?" అంది.

ఆఖరి బంతి లేచింది. అన్నం చాలింది. చాలడమేంటి, ఒక గుండిగ కూర, రెండు గంగాళాల అన్నం తాకకుండా మిగిలిపోయాయి. నాన్న లెక్కలో ఒక్కటే పొరపాటు జరిగింది. వేసవంతా అంత ఆకలి గల మనిషితో కొలిచి కొలిచి, మామూలు మనుషుల ఆకలి ఎంతుంటుందో ఆయన మరిచిపోయాడు.

మామగారు వచ్చి నాన్నని కౌగలించుకున్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా పరువు నిలబెట్టారు బావగారూ" అన్నాడు. నాన్న ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ సంబరంలో పెళ్ళికొడుకు మేనమామ పక్కన కూర్చుని, వేసవంతా ఏం చేశాడో, గరిటె సంగతి తప్ప, ఒక్కొక్కటీ పూస గుచ్చినట్టు చెప్పాడు. ఆయన బల్ల చరుస్తూ నవ్వాడు.

హాలు సాయంత్రానికి ఇంకొకరికి ఇచ్చారట. కాపలావాడు తొందరపెట్టాడు. ఆ ఎండకి కూర అప్పటికే పాడైన వాసన వేస్తోంది. ఒక డబ్బాడు మాత్రం ఇంటికి తెచ్చి, మిగతాది హాలు వెనక గుంతలో పోసి మన్ను కప్పారు. మా అక్క పెళ్ళి కూర మన్నులో పడుతుంటే నేను చూశాను. ముక్కలు పెద్దవే.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. బాబాయి స్టూలు మీదే ఉన్నాడు. పెదాలు ఎండిపోయి తెల్లబడ్డాయి. అక్కనీ బావనీ చూడగానే లేచాడు, కాస్త తూలాడు, గోడ పట్టుకున్నాడు. చొక్కా సర్దుకుని అక్క తల మీద చెయ్యి పెట్టాడు.

"చల్లగా ఉండండి. తాళం ఎక్కడిదక్కడే ఉంది అన్నయ్యా. ఈగని కూడా వాలనివ్వలేదు."

ఆయన వెనక తలుపవతల చక్కెర బస్తాలున్నాయి. బెల్లం డబ్బా ఉంది. తాళంచెవి ఆయన మెళ్ళోనే ఉంది.

అప్పుడు వచ్చాడు మేనమామ, కారు దిగి, ఖాళీ క్యారియర్ ఊపుకుంటూ. పిడికి ఎర్ర గుడ్డ అలాగే ఉంది.

"ఇదుగో వదినగారూ మీ క్యారియరు. మా డ్రైవరు వేళ్ళు నాకేసుకున్నాడు. అబ్బ, ఏం ముక్కలండీ!" అని, బాబాయిని కింది నుంచి పైదాకా చూసి ఆగిపోయాడు. "ఆగండాగండి. ఈయనేనా? బావగారూ, మీ కొలత మనిషి ఈయనేనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఏం జోకో తెలియకపోయినా బాబాయి కూడా నవ్వాడు.

"కొలతంటే ఏంటన్నయ్యా?"

నాన్న సామాను బుట్ట దించడానికి వంగాడు. మేనమామని ఎవరూ అడగక్కర్లేదు. బాబాయి భుజం మీద చెయ్యేసి, ఆదివారాలన్నీ చెప్పాడు. మిఠాయి ముందు పెట్టిన సంగతి చెప్పాడు, పొయ్యి గోడ సంగతి చెప్పాడు. "మూడొందలమంది ఆకలి మీ ఒక్కడి పొట్టలో తూచాడండీ మీ అన్న! మీకు సన్మానం చెయ్యాలి!" అన్నాడు. అందరూ నవ్వారు. మా బావ నవ్వాడు. అక్క కొంగుతో నోరు మూసుకుంది.

బాబాయి నవ్వు అందరికంటే ఆఖర్న ఆగింది. ఆయన క్యారియర్ వంక చూశాడు. తర్వాత సామాను బుట్టలోంచి బయటికి కనిపిస్తున్న గరిటె వంక చూశాడు. దాని అడుగున తన సుత్తి దెబ్బలు మెరుస్తున్నాయి. దాని సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మెళ్ళోంచి తాళంచెవి తీసి, దారం చుట్టి, నా చేతిలో పెట్టాడు.

వియ్యాలవారు అక్కని తీసుకుని వెళ్ళిపోయాక అమ్మ అడిగింది, "తిన్నావా నువ్వు?"

"పంపుతానన్నారుగా వదినా."

అమ్మ గబగబా పళ్ళెం పెట్టింది. డబ్బా మూత తీస్తే పులిసిన వాసన గుప్పుమంది. పైపైన బాగున్నవి ఏరింది. నాన్న వడ్డించడానికి వంగాడు, అలవాటుగా ఆ గరిటెతోనే. అన్నం మీద ఒక్క గరిటె పడగానే బాబాయి చెయ్యి అడ్డం వచ్చింది. పళ్ళెం సగం కప్పేసింది.

"ఇంకొంచెం వేసుకోరా."

"నిండింది అన్నయ్యా."

"ఒక్క గరిటెకేనా?"

"నిండింది."

ఆ ఒక్క గరిటె కూడా తినలేదు. చెయ్యి కడుక్కుని, చొక్కా మీద మరక పడిందేమో చూసుకుని, వెళ్ళిపోయాడు.

నాన్న ఏడ్చాడని, వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాడని చెప్పగలిగితే బాగుండేది. అదేమీ జరగలేదు. వేసవి చివర్న మిల్లు పూర్తిగా మూతపడింది, క్యాంటీనూ పోయింది, గదుల్నీ పొయ్యిల్నీ మాత్రం ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు. కానీ మా ఇంటి పొయ్యి ఆరలేదు. అక్క మామగారు ఊరంతా చెప్పాడు, భోజనాలంటే మా వియ్యంకుడివే భోజనాలని. పెళ్ళిళ్ళ వాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మొదటి పెద్ద పిలుపు వచ్చిన రోజు నాన్న నన్ను పిలిచాడు.

"ఈసారి వేరే రకం జనం. కూరగాయలే తింటారు. వెళ్ళి మీ బాబాయిని ఆదివారం రమ్మను."

"నేను వెళ్ళను."

"వెళ్ళకపోతే నీకు తిండెక్కణ్ణుంచి వస్తుందే?"

వెళ్ళాను. ఆయన కోసం కాదు, బాబాయిని చూడాలని. షెడ్డులో భోజనాల వేళ. కూలీలంతా వరసగా కూర్చుని తింటున్నారు. బాబాయి చివర్న, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఒళ్ళో చిన్న గిన్నె ఉంది. పిల్లలకి పెట్టేటంత గిన్నె. పక్కవాడు తన దాంట్లోంచి ముద్ద తీసి వెయ్యబోతే, చటుక్కున గిన్నె మీద చెయ్యి పెట్టేశాడు. నీలం చొక్కా వేసుకుని బస్తాలు మోస్తున్నాడు. భుజాల దగ్గర చిరిగింది, నడుం దగ్గర వేలాడుతోంది.

"నాన్న రమ్మన్నాడు బాబాయ్" అన్నాను. ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఇంకో పెళ్ళి ఒప్పుకున్నాడు."

బాబాయి నా వంక చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నేనిప్పుడు పనికి రానమ్మడూ" అన్నాడు. "రెండు ముద్దలకే నిండిపోతోంది. అన్నయ్య లెక్క తప్పుతుంది. పాపం, నష్టపోతాడు."

ఆ మాట ఉన్నదున్నట్టు నాన్నకి చెప్పాను. వింటూ గడ్డం గోక్కున్నాడు. గరిటె తీసి చూశాడు, పెట్టేశాడు. తర్వాత నా వంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. వేసవంతా దాన్ని వేరే మనిషి మీద చూశాను.

"నువ్వు కూర్చో" అన్నాడు.

బాబాయి కూర్చునే చోటే కూర్చున్నాను. ముందు మిఠాయి పెట్టారు, తిన్నాను. అన్నం గుట్టగా పోశారు, తిన్నాను. కూర వడ్డించి నా చెయ్యి వంక చూశాడు నాన్న. చేతిని ఒళ్ళోనే ఉంచుకున్నాను. ఇంకో గరిటె వేశాడు. ఇంకోటి. పొయ్యి గోడ వీపుకి అంటుకుంటోంది. గొంతుదాకా వచ్చేసింది. అమ్మ భయపడింది. "చాలనవే, చస్తావే!" అంది. నేను ఇంకో ముద్ద కలిపాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు నములుతూనే ఉంది. గిన్నె అడుగు గీరుకున్న చప్పుడైంది. ఇల్లంతటికీ వండింది అదే.

నాన్న గరిటె కింద పెట్టేశాడు.

"దీనికీ వాడి పోలికే వచ్చింది" అన్నాడు అమ్మతో.

నేను పళ్ళెం ముందుకి జరిపాను.